చెరువు చుట్టూ పూర్తిగా తిరక్కపోతే ఏం?

అడవి బాట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడమ్ గారూ, మా అమ్మాయి అమెరికాలో బోస్టన్ దగ్గర ఉంటుంది. పోయిన వేసవిలో మేమిద్దరం వెళ్ళినప్పుడు కాంకర్డ్ అనే ఊళ్ళో వాల్డెన్ పాండ్ చూపించడానికి తీసుకెళ్ళింది. చుట్టూ అడవి, మధ్యలో నీళ్ళు, ఒడ్డు వెంబడే కాలిబాట. నాకు 61, మావారికి 66. ఇద్దరం గంటన్నరలో చుట్టి వచ్చేశాం, ఆయాసం కూడా రాలేదు. తిరిగొచ్చినప్పటి నుంచీ అలాంటిది మనకెందుకు లేదని ఒకటే ఆలోచన. మనకూ కల్యాణి డ్యామ్ ఉంది, చుట్టూ అడవే కదా! సంక్రాంతికి కొడుకూ కోడలూ పిల్లలతో వస్తున్నారు. మనవడికి 9 ఏళ్ళు, మనవరాలికి 6. అందరం కలిసి డ్యామ్ చుట్టూ ఒకరోజు నడిచి రావచ్చా? ఎన్ని గంటలు పడుతుంది?
(ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి)

జవాబు: గంటల లెక్క చెప్పనమ్మా. చెబితే బయల్దేరతారు. డ్యామ్ చుట్టూ మీరు నడవకూడదు, నడవలేరు కూడా. రెండింటికీ కారణాలు వేరు.

నడవకూడదు అన్నది చట్టం మాట. కల్యాణి డ్యామ్ 1977లో కట్టింది. తిరుపతికీ తిరుమలకూ తాగునీళ్ళిచ్చే జలాశయం అది. వెనకున్న శేషాచలం అడవిలో 353 చదరపు కిలోమీటర్లను 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంగా ప్రకటించారు. అది ఎర్రచందనం పెరిగే నేల. అనుమతి లేకుండా రిజర్వు అడవిలోకి అడుగుపెట్టడమే నేరం. మీరు మనవరాలి చెయ్యి పట్టుకుని పిట్టల్ని చూడ్డానికే వెళ్ళినా, ఎదురుపడిన గార్డుకు మీరెవరో తెలియదు. దుంగల దొంగల కోసం రాత్రింబవళ్ళు తిరిగేవాళ్ళు వాళ్ళు. వాళ్ళ ఓపికను పరీక్షించొద్దు.

నడవలేరు అన్నది నేల మాట. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీలాంటి ఉత్తరాలు విదేశాలకు వెళ్ళొచ్చిన వాళ్ళ దగ్గర్నుంచి తరచుగా వస్తుంటాయి.

మీరు చూసొచ్చిన వాల్డెన్ పాండ్ ఎవరో తవ్వింది కాదు, కట్టింది కాదు. మంచుయుగం చివర్లో, పదివేల ఏళ్ళకు ముందు, హిమానీనదం వెనక్కి తగ్గుతూ ఒక పెద్ద మంచుదిమ్మను ఇసుకలోనూ గులకరాళ్ళలోనూ వదిలేసి పోయింది. దిమ్మ కరిగింది, గుంట మిగిలింది. అందుకే చిన్నదైనా లోతు 100 అడుగులుంటుంది. దాంట్లోకి ఏ వాగూ వచ్చి కలవదు, దాంట్లోంచి ఏ ఏరూ బయల్దేరదు. నేలలోని ఊటే దానికి ఆధారం. ఎండాకాలం, వానాకాలం అని నీళ్ళు ఒక్కసారిగా ఎక్కవు, దిగవు. ఒడ్డు ఉన్నచోటే ఉంటుంది కాబట్టి బాట కూడా ఉన్నచోటే ఉంటుంది. చుట్టుకొలత మూడు కిలోమీటర్ల లోపే. మీకు ఆయాసం రాలేదంటే అందులో మీ గొప్ప సగం, ఆ గుంట గొప్ప సగం.

మన చెరువైనా, మన డ్యామైనా పుట్టుకే వేరు. రెండు కొండల నడుమ పారే వాగుకు అడ్డంగా కట్ట పోస్తే వెనకాల నిలిచిన నీళ్ళవి. ఆ నీళ్ళు ఎక్కడెక్కడ వంక (చిన్న కొండవాగు) ఉంటే అక్కడికల్లా ఎగబాకుతాయి. పైనుంచి చూస్తే వేళ్ళు చాపిన చేతిలా ఉంటుంది: కట్ట దగ్గర అరచెయ్యి, ఎగువన ఒక్కో వంకా ఒక్కో వేలు. కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు ఇదిగో అన్నట్టే కనిపిస్తుంది. నడిచి చేరాలంటే మాత్రం ప్రతి వేలు కొసదాకా పోయి, వంక దాటి, మళ్ళీ నీళ్ళ దగ్గరికి రావాలి. కళ్ళకు అర కిలోమీటరు, కాళ్ళకు ఐదారు కిలోమీటర్లు. ఆరేళ్ళ పాప ఆ లెక్కలు వినదు, సగం దారిలో ఎత్తుకోమంటుంది.

ఇంకోటి, మన ఒడ్డు కదులుతుంది. తిరుపతి, చిత్తూరు వైపు చెరువులు నిండేది ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానకే. సంక్రాంతికి నీళ్ళు చెట్ల మొదళ్ళు తాకుతూ ఉంటాయి. మే నెలకు అదే చోట పశువులు మేస్తుంటాయి. నీళ్ళు అంతంత దూరం వెనక్కీ ముందుకూ పోయే చోట ఒడ్డు వెంబడి బాట ఎవరు వెయ్యగలరు? నీళ్ళు తగ్గినచోట నేల పైకి గట్టిగా, పెచ్చులు కట్టి కనిపిస్తుంది. కింద మోకాలి లోతు ఒండ్రు. చెప్పులు అక్కడ వదిలి వచ్చినవాళ్ళు అదృష్టవంతులు. ఆ వేళ్ళ కొసల దగ్గరే జంతువులు నీళ్ళకు దిగుతాయి. కట్ట వైపు మనుషుల అలికిడి ఉంటుంది కాబట్టి దుప్పి అయినా, ఎలుగుబంటి అయినా, చిరుత అయినా ఎగువనే ఎంచుకుంటాయి. చుట్టూ తిరుగుదామని మీరు వెళ్ళేది సరిగ్గా వాటి రేవులోకి.

మనకు ప్రదక్షిణ అలవాటు. మొదలుపెట్టి సగంలో వెనక్కి తిరిగితే ఏదో దోషం అంటుకుంటుందేమోనని బెంగ. చెరువుకు ఆ పట్టింపు లేదు. అరచెయ్యి వైపు నడిచి, నచ్చినంతసేపు కూర్చుని, వచ్చిన దారినే తిరిగి రండి. అదే మన నేలకు తగిన నడక. వెళ్ళేటప్పుడు ఒకపక్క చూసినవాళ్ళు వచ్చేటప్పుడు రెండోపక్క చూస్తారు, అంతకంటే ఏం పోతుంది?

అందుకని మీ సంక్రాంతికి రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు చెబుతాను. కొండల నడుమ ఉన్న పాత పెద్ద చెరువు. 2021 నవంబర్ వానలకు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్ళు ఖాళీ చేయించింది దీని దగ్గరే, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఒక్క సంగతి మనవడికి చెప్పండి, కట్ట అంటే ఏమిటో, తూము ఎందుకో, మొరవ (అలుగు) ఎందుకు వదులుతారో వాడే వరసగా అడుగుతాడు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చెరువుల్లో వలస బాతులు దిగుతాయి. వాటి మధ్య నీటికోళ్ళు, ఒడ్డున కొంగలు, ఎండుకొమ్మ మీద లకుముకి పిట్ట. ఒక బైనాక్యులర్ ఉంటే ఆరుగురికి చాలు, కొట్లాట కూడా నడకలో భాగమే.

పొద్దున ఏడింటికల్లా కట్ట మీద ఉండండి. పిల్లలతో గంటకు రెండు కిలోమీటర్లు అనుకుంటే ఎక్కువ. పదకొండుకు ఎక్కడున్నా వెనక్కి తిరగండి. తూము దగ్గర నీళ్ళలోకి ఎవర్నీ దిగనివ్వొద్దు. పైకి నిశ్చలంగా ఉన్నా లోపల లాగుతుంది. మొరవ పారుతుంటే దాటొద్దు, మడమ మునిగే నీళ్ళే అయినా సరే. పాచి పట్టిన రాయి మీద మీ 66 ఏళ్ళాయన జారితే పండగంతా ఆసుపత్రిలోనే.

అడవే కావాలి, చెట్ల నీడే కావాలి అంటే ఇంకో రోజు తలకోన పెట్టుకోండి. టికెట్ కొనుక్కుని, బాట వెంబడి, పదిమంది మధ్య నడిచే అడవి అది. 270 అడుగుల జలపాతం పిల్లలకు, సిద్ధేశ్వరస్వామి గుడి మీకు, గిల్లతీగ నాకు. మానంత లావు తీగ చెట్ల మీదుగా ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో వెతకండి. దాని కాయ మీ మనవరాలి ఎత్తు ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మకు 70. మోకాళ్ళు అరిగాయని డాక్టర్ చెప్పారు, కానీ నడవొద్దనలేదు. అడవిలో చెరువు పక్కన కూర్చోవాలని ఆమె కోరిక. ఎక్కడికి తీసుకెళ్ళను?
(ఒక పాఠకుడు, మదనపల్లె)

జవాబు: మీ ఊరి నుంచి 30 కిలోమీటర్లు కూడా ఉండదు, హార్సిలీ హిల్స్ పెట్టుకుని నన్నడుగుతున్నారు! కొండ ఎత్తు 4,000 అడుగులు దాటినా ఎక్కే పనిలేదు, కారు పైదాకా పోతుంది. పైన గంగోత్రి చెరువు చిన్నది, చుట్టూ నీలగిరి చెట్లు. నీలగిరిని అడవి అనడానికి నా వృక్షశాస్త్రం ఒప్పుకోదు. ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటిన చెట్టు, దాని కింద మన మొక్క ఒక పట్టాన మొలవదు. కానీ గాలికి ఆ ఆకులు చేసే చప్పుడు బాగుంటుంది, అమ్మకు వృక్షశాస్త్రంతో పనిలేదు. 1859లో నాటిన చెట్టు ఒకటి ఉంది, కల్యాణి అని పేరు. చూపించండి.

మోకాళ్ళ విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. ఎక్కడం కంటే దిగడమే మోకాలికి బరువు. కాబట్టి కొండ పైన ఎక్కడైనా కాస్త ఎత్తున్న చోట నడిపించాలంటే, కారును ఆ వాలు కింద ఆపి పైకి నడిపించండి, దిగేటప్పుడు కారెక్కించండి. అందరూ దీనికి తిరగేసి చేస్తారు. చేతికి కర్ర ఇవ్వండి, నొప్పి ఉన్న కాలికి అవతలి చేతిలో పట్టుకోవాలి. మబ్బు దిగిన రోజు గంటలోనే చలి పుడుతుంది, శాలువా మరిచిపోవద్దు.

ప్రశ్న: మేము ఆరుగురం ఫ్రెండ్స్, తిరుపతిలో చదువుతున్నాం. నాగలాపురం కొండల్లో గుండాలు చాలా బాగుంటాయని విన్నాం. ఫోన్‌లో మ్యాప్ ఉంది, ట్రాక్ డౌన్‌లోడ్ చేసుకున్నాం, అందరికీ ఈత వచ్చు. గైడ్ లేకుండా వెళ్ళొచ్చా? రాత్రికి అక్కడే పడుకుంటాం.
(పేరు వద్దన్నారు)

జవాబు: పేరు వద్దన్నప్పుడే నాకు అర్థమైంది, నాయనా, ఇంట్లో చెప్పలేదని.

మ్యాప్ దారి చెబుతుంది. ఎగువన వాన పడుతోందని చెప్పదు. మీ నెత్తిన ఎండ కాస్తున్నా, వెనక కొండ మీద కురిసిన వాన వంకలో ఒక్క ఊపున దిగుతుంది. కొండ గుండంలో ఈత కూడా మీరు నేర్చుకున్న ఈత కాదు. ఎండ సోకని లోతులో నీళ్ళు చల్లగా ఉంటాయి, ఒళ్ళు కొంకర్లు పోతుంది. గట్టు నున్నటి రాయి, పట్టు దొరకదు. కింద ఏ బండ ఎక్కడుందో తెలియదు. పైనుంచి దూకినవాళ్ళ సంగతులు మీరూ పేపర్లో చదివే ఉంటారు. వాళ్ళకూ ఈత వచ్చు.

రాత్రి పడుకోవడం గురించి అసలు మాట్లాడను. 2023 ఆగస్టులో అలిపిరి మెట్ల దారిలో, అంతమంది భక్తులు నడిచే చోట, చిరుత ఒక చిన్నపాపను ఎత్తుకుపోయి చంపింది. ఆ తర్వాత మధ్యాహ్నం దాటితే పిల్లల్ని ఆ దారిలో పంపకుండా ఆంక్షలు పెట్టారు. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి అడవిలో నడిచి తలకోనకు పోతున్న భక్తుల మీద గుండాలకోన దగ్గర ఏనుగులు పడ్డాయి, ప్రాణాలు పోయాయి. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఎక్కువ జంతువులు మనల్ని చూసి తప్పుకునేవే. తప్పుకోవడానికి వాటికి వెలుతురూ, చప్పుడూ, సమయం కావాలి. రాత్రి వంకలో గుడారం వేసుకున్నవాడు ఆ మూడూ ఇవ్వడు.

కొండ, నీళ్ళు, కష్టపడే నడక కావాలంటే తిరుమల తీర్థ ముక్కోటిలకు వెళ్ళండి. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం. ఆ రోజుల్లో దేవస్థానమే దారి తెరిచి, నీళ్ళూ అన్నం ఏర్పాటు చేస్తుంది. పాపవినాశనం దాటాక అసలు శేషాచలం మొదలవుతుంది. కొండ సాంబ్రాణి, తంబ చెట్లు, మొగి చెట్లు వరసగా చూడొచ్చు. అదృష్టం ఉంటే రాతి నెర్రెల్లో బంగారు బల్లి కూడా. పట్టుకుని ఫొటోలు దిగొద్దు. ఎర్రచందనం పుల్ల కింద పడి ఉన్నా తీసి బ్యాగులో వేసుకోవద్దు, తర్వాత చెప్పే సంజాయిషీలు ఎవరూ వినరు.

ఇంట్లో చెప్పి వెళ్ళండి.

ప్రశ్న: పోయిన జనవరిలో మా ఊరి దగ్గర చెరువు వెనక కంచెల్లో తిరిగొచ్చాక మా బాబుకు చేతులూ మెడా ఎర్రగా దద్దుర్లు తేలి విపరీతంగా దురద. గొంగళిపురుగేమో అనుకున్నాం, కానీ ఎక్కడా కనబడలేదు. స్నానం చేయిస్తే ఇంకా ఎక్కువైంది. ఏమై ఉంటుంది? మళ్ళీ తీసుకెళ్ళాలంటే భయంగా ఉంది.
(ఒక పాఠకురాలు, పుత్తూరు)

జవాబు: జనవరి అన్నారు, కంచె అన్నారు. దూలగొండి అయి ఉంటుంది. చిక్కుడు జాతి తీగ, వానలకు కంచెల మీద, పొదల మీద అల్లుకుంటుంది. ఊదారంగు పూలు గుత్తులుగా వేలాడతాయి, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. చలికాలంలో కాయలు ముదిరి, వంపు తిరిగి, బంగారు రంగు నూగుతో మెరుస్తాయి. ఆ నూగే విరోధి. కాయను తాకనక్కర్లేదు, గాలికి రాలిన నూగు ఒంటి మీద పడ్డా చాలు.

బాబు చెయ్యి గీరుకున్నప్పుడల్లా ఆ ముళ్ళు ఇంకా లోపలికి పోయాయి. స్నానంలో చేత్తో రుద్దారు కాబట్టి లేనిచోటికీ పాకింది. మళ్ళీ ఎప్పుడైనా ఇలాగైతే ముందు రుద్దడం, గోకడం ఆపించండి. పుస్తకాలకు అతికించే టేపు చర్మం మీద నొక్కి పీకండి, ఒకసారి వాడిన ముక్క మళ్ళీ వాడకుండా. నూగు చాలావరకు దాంతో వచ్చేస్తుంది. ఆ తర్వాత ధారగా నీళ్ళు పోస్తూ సబ్బుతో కడగండి. బట్టలు విడిగా ఉతకండి, లేకపోతే రేపు మీకు మొదలవుతుంది. కంట్లో పడినా, ఊపిరి ఆడకపోయినా ఇంటి వైద్యం వద్దు, నేరుగా ఆసుపత్రికే.

భయపడి మానెయ్యకండి. నిండు చేతుల చొక్కా, పొడుగు ప్యాంటు వేసి, కంచెలోకి దూరకుండా బాట మీద నడిపించండి. దూరం నుంచి ఆ కాయను చూపించి పేరు చెప్పండి. ఒకసారి దాని దెబ్బ తిన్న పిల్లాడు ఇక దాన్ని మరిచిపోడు. మా తరగతిలో ఏ మొక్కనూ అంత బాగా గుర్తుపట్టించలేకపోయాను.

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. ఊరి చెరువుకు ఆనుకునే అడవి. సాయంత్రం పూట పిల్లల్ని పిట్టలు చూడ్డానికి తీసుకెళ్ళాలనుంది. ఏ వేళ మంచిది?
(ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: మీ వైపు సాయంత్రం అస్సలు వద్దు మాస్టారూ. కౌండిన్య అభయారణ్యం ఏనుగుల కోసమే 1990లో ఏర్పడింది, అవి సాయంత్రం నీళ్ళకు వచ్చేది మీలాంటి చెరువులకే. వాటిని మళ్ళించడానికి 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగుల్నే (శిక్షణ ఇచ్చిన పెంపుడు ఏనుగుల్ని) తెచ్చుకున్నారంటే పరిస్థితి మీకు నేను చెప్పాలా? పొద్దెక్కాక, ఎనిమిది తొమ్మిది మధ్య, కట్ట మీదికి మాత్రమే. ముందు రోజు రాత్రి ఏనుగుల మంద ఎటుందో అటవీశాఖ ట్రాకర్లను అడిగి తెలుసుకోండి. తాజా లద్దె కనబడితే ఆ పూట పాఠం బడిలోనే చెప్పండి.

ప్రశ్న: ఒకరోజు నడకకు తిండి ఏం పెట్టుకెళ్ళాలి? పోయినసారి బిర్యానీ పొట్లాలు తీసుకెళితే కోతులు ఎత్తుకుపోయాయి. పెరుగన్నం అయితే ఎండకు పులిసిపోతుందా?
(ఒక పాఠకురాలు, చిత్తూరు)

జవాబు: కోతులు మీకు మేలే చేశాయి. బిర్యానీ తిని ఎండలో నడిచేవాళ్ళకు దాహం తప్ప ఇంకేం మిగలదు. నడిచేటప్పుడు జేబులో బొరుగులు, వేయించిన చెనక్కాయ పప్పులు, బెల్లం ముక్క. గుప్పెడు గుప్పెడు తింటూ పోవచ్చు. మధ్యాహ్నానికి పులిహోర అయితే దిగులే లేదు, చింతపండు దాన్ని చెడనివ్వదు. పెరుగన్నమే కావాలంటే అన్నంలో పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక్క చెంచా తోడు వేసి తీసుకెళ్ళండి. తినే వేళకు సరిగ్గా తోడుకుంటుంది. స్టీలు డబ్బాలో పెట్టి సంచిలో అడుగున దాచండి. ప్లాస్టిక్ కవర్ గలగలమంటే కోతికి అదే పిలుపు. చెరువు నీళ్ళు ఎంత తేటగా ఉన్నా తాగొద్దు, మనిషికి రెండు లీటర్లు ఇంటి నుంచే.

ఉత్తరం చివర, పెరుగన్నంలోకి ఆవకాయ పెట్టుకోవచ్చా అని విడిగా రాశారు. పెట్టుకోండి. ఇంకో సీసా నీళ్ళు కూడా పెట్టుకోండి.